ఉత్తర ఇంగ్లండ్‌లో మంచి బీరు, మంచి పబ్ పట్టుకోవడం ఎలా? బెంగళూరు నుంచి వెళ్లే మనవాళ్లకి

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల నుంచి మాంచెస్టర్‌కో లీడ్స్‌కో ఆన్‌సైట్ వెళ్లే తెలుగువాళ్లు, షెఫీల్డ్‌లోనో న్యూకాసిల్‌లోనో మాస్టర్స్ చేస్తున్న తమ్ముళ్లని చూసి రావడానికి వెళ్లేవాళ్లు, వీళ్లలో బీరంటే ఇష్టం ఉన్న ప్రతి ఒక్కరూ నన్ను అడిగేది ఒకటే: "అక్కడ మంచి బ్రూవరీ ఏదో చెప్పు, వీకెండ్ వెళ్లొస్తాం." నేను ముందు ఆ ప్రశ్ననే మార్చుకోమంటాను. బ్రూవరీని కాదు, పబ్‌ని వెతకండి. బీరు ఎవరు కాచారన్నది సగమే. ఆ బీరుని ఈ వారం ఎవరు, ఎలా చూసుకుంటున్నారన్నది మిగతా సగం, ఆ దేశంలో ఈ రెండో సగానికే బరువు ఎక్కువ.

మన అలవాటు వేరు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పాలి. 2010లో ఇందిరానగర్‌లో టాయిట్ తెరిచిన దగ్గర్నుంచి బెంగళూరులో మైక్రోబ్రూవరీ అంటే ఒక పెద్ద రెస్టారెంటు: అద్దాల వెనక మెరిసే ట్యాంకులు, మ్యూజిక్, శనివారం సాయంత్రం టేబుల్ కోసం వెయిటింగ్. అక్కడ కాచింది ఎక్కువగా అక్కడే కూర్చుని తాగుతాం. ఉత్తర ఇంగ్లండ్‌లో చిన్న బ్రూవరీ అంటే చాలాసార్లు రైలు వంతెన ఆర్చి కిందో, ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో ఉండే షెడ్డు. అక్కడే కూర్చుని తాగే గది, అంటే ట్యాప్‌రూమ్, ఉన్నా చాలా చోట్ల వారం చివర్లోనే తెరుస్తారు, కొన్నిటికి అసలు ఉండనే ఉండదు. 2002లో చిన్న బ్రూవరీలకి బీరు మీద సుంకం తగ్గించే పద్ధతి వచ్చింది, దాంతో ఊరూరా ఇలాంటివి పుట్టుకొచ్చాయి. వాళ్ల బీరు పీపాలకెక్కి చుట్టుపక్కల పబ్బులకి వెళ్తుంది. మీరు దాన్ని తాగేది ఆ పబ్బుల్లోనే.

ఆ పీపా సంగతి తెలిస్తే మిగతా అంతా దానంతట అదే అర్థమవుతుంది. దాన్ని కాస్క్ ఏల్ అంటారు, రియల్ ఏల్ అని కూడా అంటారు. పీపాలోకి ఎక్కాక కూడా అందులో ఈస్ట్ బతికే ఉంటుంది, అక్కడ రెండోసారి పులుస్తుంది, బీరులో ఉండే కొద్దిపాటి గ్యాస్ అలా పుట్టిందే, బయటి నుంచి పట్టించింది కాదు. పబ్ కింద సెల్లార్‌లోకి వచ్చిన పీపాని కదల్చకుండా ఉంచి, మడ్డి అడుక్కి దిగిన తర్వాత, బార్ మీద ఉండే పొడుగాటి పిడి ఉన్న హ్యాండ్‌పంప్‌తో చేత్తో లాగి గ్లాసులో పోస్తారు. సెల్లార్ 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉండాలి. పీపా తెరిచాక లోపలికి గాలి పోతుంది కాబట్టి దాదాపు మూడు రోజుల్లో ఖాళీ అయిపోవాలి, లేకపోతే ముందు చప్పబడుతుంది, తర్వాత పులుపెక్కుతుంది. అందుకే ఒకే బ్రూవరీ, ఒకే బ్యాచ్ బీరు ఒక పబ్‌లో ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది, రెండు వీధుల అవతల ఇంకో పబ్‌లో తాగలేం. తప్పు కాచినవాళ్లది కాదు. పైపులు శుభ్రం చేయనివాళ్లది, అమ్ముడుపోయే దానికంటే ఎక్కువ పీపాలు తెరిచి పెట్టుకున్నవాళ్లది.

"అన్నా, ఇక్కడ బీరు చల్లగా లేదేంటి, గ్యాస్ కూడా పోయింది" అని లీడ్స్ నుంచి ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది, ఐసులో పెట్టి తీసిన లాగర్‌తో దీన్ని పోల్చొద్దని. అంత చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి మాల్ట్ తీపి, హాప్స్ చేదు, ఆ పండ్ల వాసన ఏదీ తెలియదు. కాస్క్ బీరు సెల్లార్ అంత చల్లగా ఉంటే సరైనదే. గది వేడికి వచ్చేస్తే మాత్రం అది లోపమే, ఊరుకోవక్కర్లేదు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, కాబట్టి మొదట హాఫ్ తీసుకోండి, ఎవరూ చిన్నచూపు చూడరు. మన స్ట్రాంగ్ బీర్లు 7, 8 శాతం దాకా ఉంటాయి, అక్కడి మామూలు బిట్టర్‌లు, పేల్ ఏల్‌లు 3.5 నుంచి 4.5 మధ్యే. ఒక సాయంత్రమంతా కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడానికి కాచిన బీరు అది, నాకు నచ్చేదీ అదే. ఉత్తరాదిన ఇంకో విశేషం, పంపు కొసకి స్పార్క్లర్ అనే చిన్న చిల్లుల బిళ్ల తగిలిస్తారు. దాంతో గ్లాసు పైన మీగడ లాంటి నురుగు గట్టిగా నిలబడుతుంది. లండన్‌ వైపు చాలామందికి ఇది గిట్టదు, యార్క్‌షైర్‌లో ఇది లేకుండా పోస్తే ఒప్పుకోరు. నాదీ యార్క్‌షైర్ పక్షమే. నురుగు మరీ ఎక్కువై బీరు తగ్గిందనిపిస్తే "టాప్-అప్ ప్లీజ్" అంటే చాలు, మళ్లీ పోస్తారు.

ఇక వెతకడం. గూగుల్ రేటింగ్ ఒక్కటే చూసి వెళ్లకండి, అందులో నక్షత్రాలు చాలావరకు ఆదివారం పెట్టే రోస్ట్ మాంసం భోజనానికీ, వెనకాల గార్డెన్‌కీ పడతాయి. రివ్యూల్లో "కాస్క్" అని కొట్టి వెతకండి. "వెల్ కెప్ట్", "గుడ్ కండిషన్" లాంటి మాటలు ఈ మధ్య నెలల్లో కనిపిస్తే ఆ పబ్‌కి వెళ్లొచ్చు. దానికంటే నమ్మకమైనది కామ్రా. పెద్ద కంపెనీలు పీపా బీరుని తీసేసి గ్యాస్ పట్టించిన కెగ్ బీరుతో నింపేస్తున్నాయని 1971లో మొదలైన వినియోగదారుల ఉద్యమం అది. ఇప్పటికీ దాని సభ్యులు ఊరూరా పబ్బులు తిరిగి బీరుకి మార్కులు వేస్తారు, ఆ మార్కులు చూసుకుని ఏటా వచ్చే గుడ్ బీర్ గైడ్‌కి పబ్బుల్ని ఎంచుతారు. ఎంపికైన పబ్‌లో తలుపు మీదో కిటికీ మీదో ఆ సంవత్సరం స్టిక్కర్ ఉంటుంది. సంవత్సరం తప్పకుండా చూడండి, యజమాని మారితే సెల్లార్ కూడా మారిపోతుంది, పాత స్టిక్కర్ అలాగే ఉండిపోతుంది. కామ్రా సైట్‌లో ఊరి పేరు కొడితే ఏ పబ్‌లో కాస్క్ ఉందో, ఎన్ని గంటలకి తెరుస్తారో వస్తుంది. కాస్క్ మార్క్ అని ఇంకో గుర్తు ఉంది, దాని తరఫున ముందుగా చెప్పకుండా వచ్చి బీరు వేడి, రూపం, వాసన, రుచి పరీక్షిస్తారు, పాసైన పబ్ గోడకి ఫలకం ఉంటుంది. దానికి కాస్క్‌ఫైండర్ అనే యాప్ కూడా ఉంది.

పబ్ బయట బోర్డు కూడా చాలా చెబుతుంది. బోర్డు మీద బ్రూవరీ పేరుంటే అది ఆ బ్రూవరీ సొంత పబ్, ఎక్కువగా వాళ్ల బీరే ఉంటుంది. "ఫ్రీ హౌస్" అని ఉంటే యజమాని తనకి నచ్చిన బ్రూవరీ నుంచి తెచ్చుకోవచ్చని అర్థం, చిన్న లోకల్ బ్రూవరీల బీరు దొరికేది ఎక్కువగా ఇక్కడే. దేశమంతా పబ్బులున్న పెద్ద గొలుసు కంపెనీలవి చాలావరకు పై ఆఫీసు లిస్టు ప్రకారం నడుస్తాయి. వెదర్‌స్పూన్ ఒక్కటి కొంచెం వేరు, చవక, బయటి బ్రూవరీల గెస్ట్ బీర్లు ఉంటాయి, కొత్త ఊళ్లో దిగిన మొదటి సాయంత్రానికి పనికొస్తుంది. కానీ వారమంతా అక్కడే గడిపేసి వచ్చి ఇంగ్లండ్ పబ్బులు చూశాం అనకండి, నాకు నిజంగా బాధేస్తుంది.

లోపలికి వెళ్లాక ముందు పంపులు చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది హ్యాండ్‌పంపులు, ముగ్గురు మనుషులు ఉన్న పబ్ కంటే, మూడే పంపులు ఉండి బార్ దగ్గర సందడిగా ఉన్న పబ్ మేలు, పీపాలు త్వరగా తిరుగుతాయి. పంపు మీద బీరు పేరు, శాతం రాసిన బిళ్ల ఉంటుంది, అది వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందనో, ఇంకా సిద్ధం కాలేదనో అర్థం. కౌంటర్ వెనక ఉన్నవాళ్లని "వాట్స్ డ్రింకింగ్ వెల్?" అని అడగండి. మంచి పబ్‌లో వాళ్లు ఠక్కున ఒకదాని పేరు చెబుతారు, ఏది ఈ ఉదయమే తెరిచారో కూడా చెబుతారు. "అన్నీ బాగుంటాయి" అని చూపు తిప్పుకుంటే హాఫ్‌తో సరిపెట్టుకోండి. కొనేముందు చిన్న గ్లాసులో రుచి చూపించమంటే కాస్క్ బీరుకి సాధారణంగా కాదనరు, రద్దీ లేనప్పుడు అడగండి, ఒకటో రెండో చాలు. వెనిగర్ పులుపో, తడి అట్టపెట్టె వాసనో వస్తే గ్లాసు వెనక్కి తీసుకెళ్లి మర్యాదగా చెప్పండి, వేరేది ఇస్తారు. ఇది గొడవ కాదు, వాళ్లకి పీపా మార్చాలని తెలిసే దారి. సగం తాగేశాక మాత్రం వెళ్లకండి. మసకగా ఉన్నంత మాత్రాన చెడినట్టు కాదు, కొన్నిటిని కావాలనే తేర్చకుండా వదిలేస్తారు, బిళ్ల మీద అలా రాసి ఉంటుంది.

ఆ తేర్చడం గురించి శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. మడ్డి త్వరగా దిగడానికి చాలా కాస్క్ బీర్లలో ఐసింగ్లాస్ వాడతారు, అది చేప గాలితిత్తి నుంచి తీసే పదార్థం. మన ఇళ్లలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టనివాళ్లు ఉంటారు, వాళ్లకి ఈ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాలి. "అన్‌ఫైన్డ్" అనో "వీగన్" అనో రాసి ఉన్న బీరు అడగండి, కొత్త తరం బ్రూవరీల్లో ఇవి చాలా మామూలు. అంతకంటే ముఖ్యం చిప్స్. యార్క్‌షైర్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు ఆవు కొవ్వులో వేయిస్తాయి, బంగాళాదుంపే కదా అని తినేయకండి, పబ్‌లో అయినా దుకాణంలో అయినా "వెజిటబుల్ ఆయిలేనా" అని అడగండి. కౌంటర్ మీద ప్యాకెట్లలో కనిపించే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మం. వంటగది చాలా పబ్బుల్లో మధ్యాహ్నం రెండున్నర దాటాక ఒకసారి, రాత్రి తొమ్మిది లోపు ఒకసారి మూసేస్తారు, బెంగళూరులోలాగా పదిన్నరకి బిర్యానీ ఆర్డర్ పెట్టే వీలు లేదు. ముందు తినండి, తర్వాత తాగండి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ఒక్క ఊరే చెప్పమంటే నేను షెఫీల్డ్ అంటాను. స్టేషన్‌లో రైలు దిగగానే ప్లాట్‌ఫారం మీదే షెఫీల్డ్ ట్యాప్ అనే పబ్ ఉంది, ఏళ్ల తరబడి మూతపడి ఉన్న పాత రిఫ్రెష్‌మెంట్ రూమ్‌ని బాగుచేసి 2009లో తెరిచారు, టైల్స్, పైకప్పు చూడ్డానికైనా వెళ్లాలి. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో కెల్హమ్ ఐలాండ్, ఒకప్పుడు ఉక్కు కార్ఖానాలున్న పేట. 1981లో ఫ్యాట్ క్యాట్ అనే పబ్ అక్కడ స్వతంత్రంగా మొదలైంది, 1990లో దాని పక్కనే కెల్హమ్ ఐలాండ్ బ్రూవరీ పెట్టారు, వాళ్ల పేల్ రైడర్ అనే బీరు 2004లో కామ్రా పోటీలో బ్రిటన్ ఛాంపియన్ బీరు అయింది. బ్రూవరీ 2022లో మూతపడింది, పేల్ రైడర్ కాచే బాధ్యత థార్న్‌బ్రిడ్జ్ అనే ఇంకో బ్రూవరీ తీసుకుంది. దగ్గర్లోని కెల్హమ్ ఐలాండ్ ట్యావర్న్ 2008, 2009 వరసగా రెండేళ్లు కామ్రా జాతీయ ఉత్తమ పబ్. థార్న్‌బ్రిడ్జ్ వాళ్ల అసలు ఊరు పక్క జిల్లా డార్బీషైర్‌లో బేక్‌వెల్, వాళ్లని నిలబెట్టిన ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే పేల్ ఏల్) పేరు జైపూర్, 5.9 శాతం. షెఫీల్డ్‌లో అది కాస్క్‌లో దొరికితే అస్సలు వదలకండి, సీసాలో తాగినదానికీ దీనికీ పోలికే లేదు.

ఒక రోజంతా చేతిలో ఉంటే లీడ్స్, మాంచెస్టర్ల మధ్య రైలు మార్గం పట్టుకోండి, స్టేషన్ స్టేషన్‌కీ దిగి తాగే ఏల్ ట్రయల్ అది. డ్యూస్‌బరీ స్టేషన్‌లో వెస్ట్ రైడింగ్ అనే పబ్, హడర్స్‌ఫీల్డ్ స్టేషన్‌లో పెద్ద రాతి భవనానికి ఆ చివరొకటి ఈ చివరొకటి, మార్స్‌డెన్‌లో దిగి కొండ దిగి వెళ్తే ఏటి పక్కన రివర్‌హెడ్, చివరికి స్టాలీబ్రిడ్జ్ ప్లాట్‌ఫారం మీద 1885 నాటి బఫే బార్. స్టాలీబ్రిడ్జ్‌లో నల్ల బఠాణీలు ఉడకబెట్టి ఇస్తారు, వెనిగర్ చల్లుకుని తింటారు, మన గుగ్గిళ్లలాగే ఉంటాయి. మధ్యలో పెనైన్ కొండలు, రాళ్ల గోడలు, గొర్రెలు, కిటికీ పక్క సీటు చూసుకోండి. శనివారం మాత్రం వద్దు, పెళ్లికి ముందు పార్టీ చేసుకునే గుంపులతో రైళ్లు, బార్లు నిండిపోతాయి, బీరు సంగతి మాట్లాడ్డానికి ఎవరికీ తీరిక ఉండదు. వారం మధ్యలో వెళ్లండి. ఆదివారాలు ఆ లైనులో మరమ్మతుల వల్ల రైళ్ల బదులు బస్సులు నడపడం కూడా మామూలే, ముందు టైంటేబుల్ చూసుకోండి. అన్నిచోట్లా పైంట్ తీసుకోవాలని లేదు, హాఫ్‌లతో వెళ్తేనే చివరి స్టేషన్ దాకా రుచి తెలుస్తుంది.

మాంచెస్టర్‌లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకవైపు హోల్ట్, హైడ్స్, లీస్ లాంటి పాత కుటుంబ బ్రూవరీల పబ్బులు, పక్కనే స్టాక్‌పోర్ట్‌లో 1838 నాటి రాబిన్సన్స్. ఇంకోవైపు పికడిలీ స్టేషన్ వెనక ట్రాక్ లాంటి కొత్తవాళ్ల ట్యాప్‌రూమ్‌లు. ఒక్కటే చూడాలంటే రోచ్‌డేల్ రోడ్డులో మార్బుల్ ఆర్చ్ అనే పబ్, 1888 నాటి కట్టడం, మొజాయిక్ నేల బార్ వైపుకి వాలుగా ఉంటుంది, మార్బుల్ బ్రూవరీ 1997లో ఇక్కడే మొదలైంది. లీడ్స్‌లో బ్రిగేట్ పక్క ఇరుకు సందులో విట్‌లాక్స్, 1715 నుంచి అక్కడ పబ్ ఉంది. లివర్‌పూల్‌లో హోప్ స్ట్రీట్ మీద ఫిల్‌హార్మోనిక్ అనే పబ్, లోపలి చెక్కపని, రాగి రేకుల కోసం. న్యూకాసిల్‌లో ఊజ్‌బర్న్ లోయలోని పబ్బులు. న్యూకాసిల్ బ్రౌన్ ఏల్ కోసం మాత్రం న్యూకాసిల్ వెళ్లకండి, దాని తయారీ 2010లోనే యార్క్‌షైర్‌లోని ట్యాడ్‌కాస్టర్‌కి వెళ్లిపోయింది.

పాత బ్రూవరీల మీద గౌరవం ఉన్నవాళ్లు యార్క్‌షైర్‌లో చిన్న ఊళ్లకి వెళ్లాలి. ట్యాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్, 1758 నుంచి, ఇప్పటికీ తమ పీపాలు తామే చేసుకుంటారు, ఊళ్లో గుర్రపు బండి మీద బీరు చేరవేస్తారు. వాళ్ల పబ్బుల్లో మ్యూజిక్ ఉండదు, ఫోన్ వాడొద్దంటారు. ఇద్దరు స్నేహితులు చాలాకాలం తర్వాత కలిస్తే కూర్చోవాల్సిన చోటు అదే. మాషమ్ చిన్న ఊరు, అక్కడ పుట్టిన బ్రూవరీలు రెండు: 1827 నాటి థీక్‌స్టన్, ఆ కుటుంబంలోంచే బయటికొచ్చిన ఒకాయన 1992లో పెట్టిన బ్లాక్ షీప్. థీక్‌స్టన్‌లో టూర్ బుక్ చేసుకుని వెళ్లండి, ఓల్డ్ పెక్యులియర్ 5.6 శాతం, నల్లగా చిక్కగా ఉంటుంది, చలికాలానిది. ఊరికి రైలు లేదు, రిపన్ నుంచి బస్సు. కీత్లీలో టిమతీ టేలర్, 1858 నుంచి, వాళ్ల ల్యాండ్‌లార్డ్ నాలుగుసార్లు ఛాంపియన్ బీరు. ఎక్కడెక్కడో దొరుకుతుంది గానీ కీత్లీలోనో, అక్కడి నుంచి ఆవిరి రైల్లో హావర్త్ వెళ్లి ఆ రాళ్లు పరిచిన వీధిలోనో తాగితే దానికి అంత పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తే కోనిస్టన్‌లో బ్లాక్ బుల్ హోటల్ వెనక కాచే బ్లూబర్డ్ బిట్టర్, 1998 ఛాంపియన్, 3.6 శాతమే, కొండెక్కి దిగాక తాగడానికి అంతకంటే మంచిది నాకు తెలియదు.

మర్యాదలు పెద్దగా ఏమీ లేవు. టేబుల్ దగ్గర కూర్చుని వెయిటర్ కోసం చూడకండి, బార్ దగ్గరికి వెళ్లి అడిగి అక్కడే డబ్బు కట్టాలి. క్యూ కనబడదు గానీ ఉంటుంది, ఎవరు ముందొచ్చారో అందరికీ గుర్తుంటుంది, మీకంటే ముందున్నవాళ్లని చూపించి "వాళ్ల తర్వాత" అంటే మీ మీద గౌరవం పెరుగుతుంది. చెయ్యి ఊపి పిలవడం, చిటికె వేయడం అస్సలు వద్దు. ఆఫీసువాళ్లతో వెళ్తే రౌండ్లు ఉంటాయి, ఒక్కొక్కరు ఒక్కోసారి అందరికీ కొంటారు, మీ వంతు మీరే గుర్తుపెట్టుకుని లేవండి. మద్యం తాగనివాళ్లు ఉంటే మొదటే చెప్పి జింజర్ బీరో, ఆల్కహాల్ లేని బీరో తీసుకోవచ్చు, ఎవరూ బలవంతం చేయరు. బార్ దగ్గర నిలబడ్డ పెద్దాయనతో వాతావరణం గురించి ఒక మాట కలపండి, ఆ ఊళ్లో ఇంకా ఏ పబ్‌లో బీరు బాగుందో ఏ యాప్ చెప్పనంత వివరంగా చెబుతాడు. నాకు తెలిసిన మంచి పబ్బుల్లో సగం అలా తెలిసినవే.

పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. చట్టం ప్రకారం 18 నిండితే చాలు గానీ, పాతికలోపు వయసులా కనిపిస్తే ఐడీ అడుగుతారు, మన డ్రైవింగ్ లైసెన్స్ కొన్నిచోట్ల ఒప్పుకోరు. కారు అద్దెకి తీసుకుని పల్లెటూరి పబ్బులకి వెళ్దాం అనుకుంటే ఆ రోజు నడిపేవాళ్లు ఒక్క చుక్క కూడా తాగకూడదు. ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు, మన 30 కంటే ఎక్కువే, అయినా మంచు కురిసే చీకటి కొండదారిలో ఆ లెక్క నమ్ముకోకండి. పల్లెల్లో చాలా పబ్బులు సోమ, మంగళవారాలు తెరవరు, చలికాలంలో వేళలు ఇంకా తగ్గుతాయి, బయల్దేరే రోజు ఉదయం ఆ పబ్ పేజీ చూడండి లేదా ఫోన్ చేసి అడగండి. చివరి రైలు, చివరి బస్సు ఎన్నింటికో బీరు ఆర్డర్ చేయకముందే చూసి పెట్టుకోండి, ఎందుకంటే మాషమ్ లాంటి ఊళ్లో రాత్రి పదింటికి బార్‌లో ఎంతమంది స్నేహితులైనా దొరుకుతారు గానీ టాక్సీ దొరకదు.